అరకు కొండల్లో జీపు సాఫ్ట్ టాప్: ఎంపిక, అమరిక, సంరక్షణ

సాఫ్ట్ టాప్ అంటే జీపు, జిప్సీ, థార్ వంటి కొండదారి వాహనాలకు ఇనుప రేకు కప్పు బదులు వేసే బట్ట కప్పు. ఉక్కు పైపుల ఫ్రేము, దాని మీద బిగించిన కాన్వాసు లేదా రెగ్జిను, పక్కల్లో పారదర్శక ప్లాస్టిక్ కిటికీలు, వెనక పైకి చుట్టే పరదా, వీటిని బండి ఒంటికి పట్టి ఉంచే టిచ్ బటన్లు, జిప్పులు, బెల్టులు కలిపితే ఒక టాపు అవుతుంది. దాన్ని విప్పి ఇంట్లో పెట్టుకోవచ్చు, మడిచి వెనక్కి వాల్చవచ్చు, చిరిగితే కుట్టించుకోవచ్చు.

తూర్పు కనుమల్లో, ముఖ్యంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయ, అనంతగిరి, హుకుంపేట, పాడేరు, చింతపల్లి మండలాల్లో, ఈ టాపు సరదా సామాను కాదు. సంతకు బయలుదేరిన గిరిజన రైతు, ఆసుపత్రికి చేరవలసిన గర్భిణి, కాఫీ గింజల బస్తా, బొర్రా గుహలు చూసి కటికి జలపాతానికి వెళ్లే పర్యాటకుడు, అందరూ దాని కిందే ప్రయాణిస్తారు. టాపుల గురించి అమ్మకందార్లు చెప్పే మాటలు ఎక్కువగా ఎండ చుట్టూ, హైవే వేగం చుట్టూ, చూడటానికి ఎలా ఉంటుందన్న దాని చుట్టూ తిరుగుతాయి. ఈ కొండల్లో ముందు చూడవలసింది తడిని. ఆ తరువాత వెనక సీట్లో కూర్చునేవాళ్లను. ఈ రెండు పరీక్షల్లో నెగ్గే టాపు మిగతా పరీక్షల్లో కొంచెం వెనకబడినా ఫర్వాలేదు.

వాతావరణం, దారులు

అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, విశాఖపట్నానికి దాదాపు 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. శృంగవరపుకోట మైదానం దాటగానే ఘాటు మొదలై టైడా, దముకు, అనంతగిరి, గాలికొండ మీదుగా ఎక్కి, తిరిగి లోయలోకి దిగుతుంది. ఒకే ప్రయాణంలో కింద ఉక్కపోత, మధ్యలో జల్లు, పైన మంచు ఎదురవడం వానాకాలంలో మామూలే. జూన్‌లో నైరుతి వానలు మొదలవుతాయి. అవి తగ్గుతున్నాయనుకునే వేళకు బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను అరకు కాఫీ తోటల్లో నీడచెట్లను పెద్ద ఎత్తున కూల్చింది. ఆ తరువాత చలి. చింతపల్లి మండలం లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగిన రోజులున్నాయి. అరకులో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు ఒక్క అంకెలోనే ఉంటాయి.

ఈ క్రమాన్ని టాపు వైపు నుంచి చూస్తే లెక్క ఇలా తేలుతుంది: జూన్ నుంచి నవంబరు దాకా అది వానకు తడుస్తుంది, పూర్తిగా ఆరకముందే మళ్లీ తడుస్తుంది. చలికాలంలో వాన ఉండదు కానీ రాత్రంతా మంచు కురుస్తుంది. పైన మంచు తడి, లోపల మనుషుల ఊపిరి తడి. ఎండ మాటకొస్తే, ఎత్తు ప్రతి 1000 మీటర్లకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. అందువల్ల చల్లగా ఉందని ఎండను తక్కువగా అంచనా వేయకూడదు. బట్ట రంగు వెలియడం, ప్లాస్టిక్ పచ్చబడటం ఆ చల్లని ఎండలోనే జరుగుతాయి.

రోడ్ల సంగతి కూడా చూడాలి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి ఈ కొండలన్నిటినీ కలుపుతుంది. దాని మీద నుంచి పక్కకు తిరిగాక దారి సన్నబడుతుంది. రెండు వైపులా లంటానా పొదలు, వెదురు, కాఫీ తోటల అంచున సిల్వర్ ఓక్ కొమ్మలు బండిని గీరుతూనే ఉంటాయి. ఆ గీత ముందు పడేది టాపు పక్క కిటికీల మీద.

జీపు, దాని టాపు: కొంత చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో 1941 నుంచి తయారైన విల్లీస్ ఎంబీ జీపుకు మొదటి నుంచీ ఉన్నది కాన్వాసు టాపే. మడతపడే రెండు ఇనుప కమ్ములు, వాటి మీద ఒక గుడ్డ, ముందు అద్దం చట్రానికి కట్టే పట్టీలు. యుద్ధంలో గంటల తరబడి కూర్చోవడం కంటే క్షణంలో దూకి దిగడం ముఖ్యం కాబట్టి పక్కలు తెరిచే ఉంచారు. 1948లో బ్రిటన్‌లో వచ్చిన తొలి ల్యాండ్ రోవర్ కూడా కాన్వాసు కప్పుతోనే వచ్చింది. అమెరికాలో 1954లో కొలరాడో రాష్ట్రంలో మొదలైన బెస్ట్‌టాప్ వంటి సంస్థలు జీపు టాపును విడిగా అమ్మే సరుకుగా మార్చాయి.

మన దేశంలో యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన డిస్పోజల్ జీపులు ముందు వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే మహీంద్రా సంస్థ ముంబయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. తరువాతి దశాబ్దాల్లో వచ్చిన ఎంఎం 540, కమాండర్ వంటి బళ్లు మన్యంలో ప్రభుత్వ శాఖలకూ, సర్వీసు జీపులకూ ప్రధాన వాహనాలయ్యాయి. కమాండర్‌లో వెనక ఎదురెదురుగా పొడవాటి సీట్లు. పైన పైపు ఫ్రేము, దాని మీద రెగ్జిను లేదా కాన్వాసు. బస్సు వెళ్లని ఊళ్లకు సంత రోజున మనుషుల్నీ, రాజ్మా, పసుపు, మిరియాలు, చింతపండు, అడ్డాకుల మూటల్నీ చేరవేసింది ఈ బళ్లే. 1985లో వచ్చిన మారుతి జిప్సీ సాఫ్ట్ టాపుతోనూ, హార్డ్ టాపుతోనూ దొరికేది. సైన్యంలోనూ, పోలీసు శాఖల్లోనూ దశాబ్దాల పాటు పనిచేసింది. మహీంద్రా థార్ 2010లో కాన్వాసు టాపుతో వచ్చింది. 2020 అక్టోబరు 2న విడుదలైన రెండో తరం థార్‌కు కంపెనీయే మూడు రకాల కప్పులు ఇచ్చింది: మడవడానికి వీల్లేని స్థిర సాఫ్ట్ టాప్, చేత్తో వెనక్కి మడిచే కన్వర్టిబుల్ సాఫ్ట్ టాప్, హార్డ్ టాప్.

పర్యాటకం పెరిగాక టాపు అవసరం రెండు పాయలుగా చీలింది. విశాఖ–కిరండూల్ రైలుకు 2017లో అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించాక, అరకుకు వచ్చేవారిలో ఆకాశం చూస్తూ ప్రయాణించాలన్న కోరిక బలపడింది. వంజంగి మేఘాల కొండకూ, మాడగడ సూర్యోదయానికీ వెళ్లేవారు టాపు తీసేయమంటారు. అదే జీపు మరుసటి రోజు సంతకు వెళ్తే టాపు బిగించమంటారు. ఒకే బండి రెండు పనులూ చేయవలసి వచ్చినప్పుడు ఎంపిక కష్టమవుతుంది. అలాంటప్పుడు నా మొగ్గు సంత వైపే. మబ్బుల్లో ఫొటో కోసం ఒక్క పూట టాపు విప్పవచ్చు. వానలో గంటన్నర ప్రయాణించే పిల్లవాడికి మాత్రం టాపు ఉండి తీరాలి.

బట్ట

టాపు బట్టలు స్థూలంగా నాలుగు రకాలు.

మొదటిది నూలు కాన్వాసు. గాలి ఆడుతుంది, లోపల ఉక్క తక్కువ, చప్పుడు తక్కువ, సూది దారం ఉన్న ఎవరైనా కుట్టగలరు. కొత్త కాన్వాసును ఒకసారి బాగా తడిపి ఆరబెడితే నూలు ఉబ్బి కుట్టు రంధ్రాలు మూసుకుంటాయి. మైనం పట్టిస్తే నీరు జారిపోతుంది. దాని శత్రువు బూజు. నూలు చెట్టు పీచే కాబట్టి శిలీంధ్రం దాన్ని తిండిగా తీసుకుంటుంది. నల్లటి చుక్కలు కనిపించే నాటికి పోగు బలం తగ్గడం మొదలై ఉంటుంది. రాయలసీమలోనో తెలంగాణలోనో నూలు కాన్వాసు ఏళ్ల తరబడి నిలుస్తుంది. అనంతగిరి మంచులో అంత కాలం ఆశించకూడదు. తడి బస్తాలు మోసే బండికి అయితే అసలే వద్దు.

రెండోది పీవీసీ పూత పూసిన పాలియెస్టర్. లారీ టార్పాలిన్లకు వాడేది ఇదే జాతి. దుకాణంలో దీన్ని జీఎస్‌ఎంలో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో అమ్ముతారు. పంట మీద కప్పే నీలం ప్లాస్టిక్ పట్టాలు రెండు మూడు వందల గ్రాములకు మించవు; లారీల మీద కప్పే గట్టి పీవీసీ బట్ట 600 నుంచి 900 దాకా ఉంటుంది. జీపు టాపుకు ఈ రెండింటి మధ్య బరువులే సరిపోతాయి. మరీ బరువైతే మడత పడదు, చలిలో బిగుసుకుపోతుంది. ఈ బట్ట గుండా నీరు దిగదు, లోపలి పోగు కుళ్లదు, బురద కడిగితే పోతుంది. కొమ్మ గీరినా పైపూత మీద గీత పడుతుంది తప్ప వెంటనే చిరగదు. లోపాలు కూడా ఉన్నాయి. గాలి ఆడదు కాబట్టి చలికాలపు ఉదయం పదిమంది ఎక్కిన బండిలో లోపలి పైభాగాన ఊపిరి నీరుగా మారి మెడ మీద పడుతుంది. ఎండకు పీవీసీలోని మెత్తబరిచే రసాయనం క్రమంగా పోయి, కొన్నేళ్లకు బట్ట పెళుసుబారి మడతల దగ్గర పగుళ్లు వస్తాయి.

మూడోది పోగు తీయక ముందే రంగు కలిపిన యాక్రిలిక్. సముద్రపు పడవల కప్పులకు ఈ బట్ట వాడతారు. చదరపు మీటరుకు 300 గ్రాముల దగ్గరలో, తేలికగా ఉంటుంది. రంగు పోగు లోపలే ఉంటుంది కనుక ఎండకు అంత త్వరగా వెలిసిపోదు. ఊపిరి ఆవిరిని కొంత బయటకు పోనిస్తుంది. అయితే గీరుకు ఓర్వదు. వెదురు ముల్లు తగిలితే పోగు లేస్తుంది. నీటిని ఆపేది దాని మీది పూత, ఆ పూత కాలంతో తగ్గుతుంది, మళ్లీ పట్టించాలి.

నాలుగోది మూడు పొరల బట్ట. పైన యాక్రిలిక్ లేదా పాలియెస్టర్ నేత, మధ్యలో రబ్బరు పొర, లోపల మరో నేత. ఖరీదైన కన్వర్టిబుల్ కార్లకూ, మంచి రకం జీపు టాపులకూ వాడతారు. చప్పుడు తక్కువ, ఆవిరి నీరుగా మారడం తక్కువ, నీరు దిగదు. సమస్య ధర, బరువు, మరమ్మతు. అంచు దగ్గర పొరలు విడిపోతే మామూలు కుట్టు దుకాణం దాన్ని అతికించలేదు.

సంత దారిలో రోజూ తిరిగే సర్వీసు జీపుకు పీవీసీ పాలియెస్టరే సరైనదని ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి తేలుతుంది. ఆవిరి సమస్యకు బట్ట మార్చడం కంటే గాలి దారి పెట్టడం చవక: వెనక పరదా పైఅంచున, వాన లోపలికి కొట్టకుండా చిన్న చూరుతో, చేతి వెడల్పు జాలీ కుట్టిస్తే చాలు. సొంత థార్‌లో నెలకో రెండు నెలలకో విశాఖ నుంచి కొండెక్కే కుటుంబానికి మూడు పొరల బట్ట సుఖం. హైవే మీద వేగం పెరిగినప్పుడు టాపు పైన గాలి పీడనం తగ్గి, లోపలి గాలి బట్టను పైకి ఉబ్బిస్తుంది. పలుచని బట్ట టపటపా కొట్టుకుంటుంది. ఘాటులో ముప్పై నలభై కిలోమీటర్ల వేగం దాటని జీపుకు ఆ బాధ దాదాపు లేదు.

రంగు విషయంలో నలుపు ఎక్కువగా అమ్ముడుపోతుంది. నలుపు త్వరగా ఆరుతుంది, మరక కనిపించనివ్వదు. మరక కనిపించకపోవడం మేలో కీడో ఆలోచించుకోవాలి: లేత ఖాకీ మీద బూజు మొదటి వారమే కనబడుతుంది, నలుపు మీద వాసన వచ్చేదాకా తెలియదు.

కుట్టు, జిప్పు, కిటికీ

టాపు కారడానికి కారణం చాలావరకు బట్ట కాదు, కుట్టు. సూది దిగిన ప్రతి చోటా ఒక రంధ్రం ఉంటుంది. నూలు దారం తడికి ఉబ్బి ఆ రంధ్రాన్ని మూస్తుంది గానీ త్వరగా కుళ్లుతుంది. పాలియెస్టర్ దారం కుళ్లదు, ఉబ్బదు. అందువల్ల పాలియెస్టర్ దారంతో కుట్టి, లోపలి వైపు కుట్టు మీద టేపు అతికించడమో, బట్టను మడతలోకి దాచి రెండు వరుసలు కుట్టడమో చేయాలి. పీవీసీ బట్టకు ఇంకో వీలుంది: వేడితో అంచులు కరిగించి అతికించవచ్చు. లారీ టార్పాలిన్లు తయారుచేసే చోట ఈ యంత్రాలు ఉంటాయి. తల మీది భాగంలో అతుకు ఎంత తక్కువైతే అంత మంచిది. ఒకే ముక్కలో పైకప్పు కత్తిరించమని కుట్టేవారికి ముందే చెప్పాలి. బట్ట ఆదా కోసం మధ్యలో అతుకు వేస్తే, సరిగ్గా డ్రైవరు మోకాలి మీద చుక్క పడుతుంది.

జిప్పుల్లో ఇనుప పళ్లవి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. లావు ప్లాస్టిక్ పళ్ల జిప్పులే వాడాలి, పైన జిప్పును కప్పే పట్టీ ఉండాలి. ఎర్రమట్టి దుమ్ము పళ్ల మధ్య చేరితే జిప్పును గుంజకూడదు. నీటితో కడిగి, ఆరాక కొంచెం మైనం రాయాలి. తేనెమైనం ఈ కొండల్లో కొదవలేని వస్తువు. కొవ్వొత్తి ముక్క కూడా పనిచేస్తుంది. నూనె రాయకూడదు, దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. కొత్త తరం జీప్ రాంగ్లర్లలో, 2018 మోడల్ నుంచి, జిప్పుల బదులు కిటికీ అంచు పట్టాల్లోకి జారే పద్ధతి పెట్టారు. సూత్రం మంచిదే. కానీ ఆ పట్టా వంగితే విడిభాగం కోసం ఎదురుచూడాలి. టిచ్ బటను ఊడితే శృంగవరపుకోటలోనో పాడేరులోనో కొత్తది కొట్టించుకోవచ్చు. మరమ్మతు దగ్గరలో దొరకడాన్ని కూడా నాణ్యతగానే లెక్కించాలి.

బటన్ల గురించి ఒక సూచన. పీవీసీ బట్ట చలికి ముడుచుకుంటుంది. జనవరి తెల్లవారుజామున విప్పిన టాపును మళ్లీ బిగించబోతే బటను తన గుంటకు అంగుళం దూరంలో ఆగిపోతుంది. అప్పుడు బలంగా లాగితే బటను బట్టతో సహా ఊడివస్తుంది. ఎండ పడేదాకా ఆగాలి. కొత్త టాపు కొలతలు కూడా మధ్యాహ్నం వేళే తీయించుకోవాలి.

కిటికీలకు వాడే పారదర్శక పీవీసీ ముప్పావు మిల్లీమీటరు మందంలో ఉంటే చూపు బాగుంటుంది, త్వరగా ముడతపడదు. దాన్ని పొడి గుడ్డతో తుడవడం చాలామంది చేసే పని. దుమ్ము ఇసుక కాగితంలా పనిచేసి కొద్ది నెలల్లో కిటికీని మసకబారుస్తుంది. ముందు నీళ్లు పోయాలి, తరువాత మెత్తని గుడ్డ. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవాలు, పెట్రోలు, కిరోసిను దగ్గరికి రానివ్వకూడదు. మంచు దట్టంగా ఉన్న ఘాటులో వెనక, పక్క కిటికీలు మసకగా ఉంటే వెనక నుంచో పక్క నుంచో వచ్చే లారీ హెడ్‌లైటు కాంతి ప్లాస్టిక్ అంతటా పరుచుకుని ఏమీ కనిపించదు. అందువల్ల కిటికీ భాగాన్ని విడిగా మార్చుకునేలా, జిప్పుతో ఊడేలా చేయించుకోవడం మంచిది. టాపు పదేళ్లు నిలిచినా కిటికీలు మూడు నాలుగేళ్లకు మార్చాల్సిందే అనుకోవాలి.

నల్లటి కిటికీలు అడిగేవారున్నారు. మోటారు వాహనాల నిబంధనల్లో ముందు, వెనక అద్దాల గుండా 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు లోపలికి రావాలని ఉంది. నల్ల ఫిల్ములను 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది. చట్టం మాట అటుంచినా, గాలికొండ మలుపుల్లో మంచు కమ్మినప్పుడు నల్ల కిటికీ పెట్టుకోవడం ప్రాణాలతో చెలగాటం.

వెనక కూర్చునేవారు

టాపు కొనేవాడు డ్రైవరు సీట్లో కూర్చుని చూస్తాడు. తలకు తగలడం లేదు, ముందు అద్దం దగ్గర నీరు రావడం లేదు, బాగుంది అనుకుంటాడు. తడిసేది వెనకవాళ్లు. కదిలే జీపు వెనక గాలి సుడి తిరుగుతుంది. బురద తుంపర, పొగ, వాన ఆ సుడిలో వెనక పరదా సందుల్లోంచి లోపలికి వస్తాయి. పరదా కింద అంచు తలుపు మీదికి కనీసం జానెడు దిగాలి. పక్క పరదాలు బండి ఒంటి అంచుకు బయటి వైపు పడాలి. లోపలి వైపు దోపితే జారిన నీరంతా సీటు మీదికే వస్తుంది. చిన్న పొరపాటే, కానీ చాలా బళ్లలో కనిపిస్తుంది.

పక్క పరదాలు పైకి చుట్టి కట్టే వీలుండాలి. ఎండాకాలంలో శృంగవరపుకోట దగ్గర బిగించిన పీవీసీ కింద పదిమంది కూర్చోవడం నరకం. కట్టే బెల్టులు బయటే కాకుండా లోపలి నుంచి కూడా అందాలి. జల్లు మొదలైనప్పుడు డ్రైవరు బండి ఆపి దిగేదాకా ఆగనక్కరలేకుండా వెనకవాళ్లే పరదా దింపుకోగలగాలి. వృద్ధుల వేళ్లకు బలమైన టిచ్ బటన్లు లొంగవు. వెనక భాగంలో బెల్టు, బకిలు మేలు.

ఇక ఒక ముఖ్యమైన సంగతి. మన్యంలో రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగుల్ని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తారు. రోడ్డు దొరికిన చోట ఏ జీపు ఉంటే అదే అంబులెన్సు. అందువల్ల వెనక పరదా మొత్తం ఒక్క ఊపులో పైకి లేవాలి. నడుమ నిలువు కమ్మి అడ్డం ఉండకూడదు. పడుకోబెట్టిన మనిషిని డోలీతో సహా లోపలికి జరపగలగాలి. రెండు పక్కలా జిప్పు, అడుగున బెల్టులు, పైన చుట్టి కట్టే పట్టీలు ఉన్న పరదా ఈ పనికి సరిపోతుంది. బటన్లు వరుసగా ఇరవై విప్పాల్సిన పరదా సరిపోదు. ఈ ప్రాంతంలో టాపు కుట్టించే ప్రతివారూ దీన్ని అడిగి మరీ పెట్టించుకోవాలని గట్టిగా చెప్పవలసి ఉంది.

ఫ్రేము, భద్రత, చట్టం

బట్ట టాపు వానను ఆపుతుంది, బోల్తాను ఆపదు. బండి తిరగబడితే తలను కాపాడేది రోల్ కేజ్, అంటే బండి చట్రానికి బిగించిన గట్టి ఉక్కు కమ్ముల పంజరం. టాపును మోసే సన్నని పైపులు ఆ పని చేయలేవు. 2020 థార్‌లో రోల్ కేజ్ కంపెనీ నుంచే వస్తుంది. పాత కమాండర్లలో, ఎంఎం 540లలో ఉన్నది టాపు పైపులే. వాటిని చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. సంత రోజుల్లో జీపు కప్పు మీద మనుషులు ఎక్కడం ఈ కొండల్లో చాలాకాలంగా ఉంది. సాఫ్ట్ టాపు ఫ్రేము మూటల బరువుకే వంగుతుంది. పైన ఎక్కిన మనిషి మలుపులో పడిపోవడమే కాదు, ఆ బరువు బండి గురుత్వ కేంద్రాన్ని పైకి తెచ్చి అందర్నీ బోల్తా కొట్టించగలదు. మూటలు పైన వేయక తప్పని బండికి టాపు ఫ్రేముకు సంబంధం లేకుండా బండి ఒంటికి విడిగా బిగించిన క్యారియరు ఉండాలి.

తేలికగా ఉండటం సాఫ్ట్ టాపుకున్న నిజమైన లాభాల్లో ఒకటి. ఫైబరు హార్డ్ టాపు ఎత్తాలంటే ఇద్దరు ముగ్గురు కావాలి, ఆ బరువంతా బండికి అన్నిటికన్నా ఎత్తైన చోట ఉంటుంది. పక్కకు వాలిన దారిలో ఈ తేడా తెలుస్తుంది. అలాగని హార్డ్ టాపును తీసిపారేయలేం. రాత్రి సామాను లోపల వదలాల్సినవారికి, రోజూ చలిలో తిరిగేవారికి అదే తగినది. బొర్రా గుహల దగ్గర కోతులు సాఫ్ట్ టాపు జిప్పులు లాగి తినుబండారాలు ఎత్తుకుపోగలవు. కత్తి ఉన్న దొంగకు బట్ట అడ్డమే కాదు.

ఒక రకం టాపుతో నమోదైన బండికి మరో రకం బిగించేముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మళ్లీ స్పష్టం చేసింది. పాతబడిన బట్టను అదే తీరు కొత్త బట్టతో మార్చుకోవడం మరమ్మతు. ఫ్రేము కోసి ఎత్తు పెంచడం, సాఫ్ట్ టాపును శాశ్వతంగా హార్డ్ టాపుగా మార్చడం మార్పు కిందికి వస్తాయి. బీమా సొమ్ము దగ్గర కూడా చిక్కు తెస్తాయి.

మడత, నిల్వ

తడి టాపును మడవకూడదు. తప్పనిసరై మడిస్తే ఆ రోజే విప్పి ఆరబెట్టాలి. పాలియెస్టర్ కుళ్లదు కదా అని వదిలేసినా, దాని మీది మట్టి, చెమట, కాఫీ పండ్ల గుజ్జు బూజుకు తిండి అవుతాయి. ఒకసారి పట్టిన వాసన పోదు. మడిచేటప్పుడు కిటికీల మధ్య పాత దుప్పటి ముక్క వేయాలి. లేకపోతే ప్లాస్టిక్ ఒకదానికొకటి అంటుకుని మచ్చ పడుతుంది. చలిలో కిటికీని మడిస్తే తెల్లటి గీత శాశ్వతంగా మిగులుతుంది, అందుకని మడవడం కంటే చుట్టడం మేలు.

బూజు కనబడితే మొదట పొడిగా ఉన్నప్పుడే బండికి దూరంగా దులపాలి, తరువాత మెత్తని బ్రష్షుతో సబ్బునీళ్లు, ఆపైన పూర్తి ఎండ. బ్లీచింగు వేస్తే మచ్చ పోతుంది, దారం బలమూ పోతుంది.

నిప్పు గురించి కూడా తెలుసుకోవాలి. చలికాలంలో లంబసింగిలోనూ అరకులోనూ దారి పక్కన చలిమంటలు, బొంగులో చికెన్ కాల్చే పొయ్యిలు ఉంటాయి. గాలికి ఎగిరిన నిప్పురవ్వ యాక్రిలిక్ మీదో పీవీసీ మీదో పడితే క్షణంలో రంధ్రం. బండిని గాలి వచ్చే వైపు ఆపాలి. రంధ్రం పడితే అదే బట్ట ముక్కను మూలలు గుండ్రంగా కత్తిరించి, పీవీసీ జిగురుతో లోపల ఒకటి, బయట ఒకటి అతికించాలి. చదరంగా కత్తిరించిన అతుకు మూల నుంచే లేస్తుంది. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు టాపును అన్ని బటన్లతో పూర్తిగా బిగించాలి, లేదా మొత్తం తీసేయాలి. సగం తెరిచిన టాపులోకి గాలి దూరితే ఫ్రేముతో సహా పీకేస్తుంది.

కొనడమా, కుట్టించడమా

కంపెనీ టాపు కొలతకు సరిపోతుంది, ఫ్రేము సాఫీగా మడతపడుతుంది. కన్వర్టిబుల్ థార్‌కు దాన్నే వాడటం తెలివైన పని, ఎందుకంటే మడత ఫ్రేముకు బట్ట కొలత కొంచెం తప్పినా ప్రతి మడతలో బట్ట నలిగి చిరుగుతుంది. పాత జీపులకు పరిస్థితి వేరు. ఒకే మోడల్ బళ్లకు కూడా ఏళ్ల తరబడి వెల్డింగులు పడి ఫ్రేములు ఒకదానికొకటి పోలవు. తయారు టాపు తెచ్చి లాగి బిగించే బదులు, విశాఖపట్నంలోనో విజయనగరంలోనో సీట్లు, టాపులు కుట్టే దుకాణం ముందు బండి నిలిపి కొలత ఇవ్వడమే మంచిది. కుట్టేవారికి బండి ఎక్కడ తిరుగుతుందో చెప్పాలి. మైదానంలో నడిచే బండికి వారు మామూలుగా వేసే పరదా కొండకు చాలదు.

డబ్బు తక్కువ ఉంటే ఎక్కడ తగ్గించాలన్నది చివరి ప్రశ్న. రంగు, అంచు బీడింగు, లోపలి అస్తరు, పేరున్న బ్రాండు, వీటిలో తగ్గించవచ్చు. దారం, జిప్పు, వెనక పరదా, కుట్టు మీది టేపు, వీటిలో తగ్గించకూడదు. డబ్బు చెల్లించేముందు దుకాణంలోనే నీళ్ల పైపు పెట్టి పరీక్షించమనాలి. పైనుంచి పోస్తే ఏ టాపైనా ఆగుతుంది. పైపును పక్క నుంచి, కింది నుంచి పైకి, వెనక పరదా అంచు మీదికి పది నిమిషాలు కొట్టించి, ఆ పది నిమిషాలూ వెనక సీట్లో ఒక మనిషి కూర్చుని ఎక్కడ తడుస్తోందో సుద్దతో గుర్తు పెట్టాలి. గుర్తు పడిన చోట్లన్నీ అక్కడికక్కడే మళ్లీ కుట్టించుకుని బయలుదేరాలి.